24 ప్రశ్న గుర్తులు: శాటిలైట్ ఫోన్ కంపెనీ వెబ్‌సైట్‌పై ఒక వాటాదారు ఫిర్యాదు

నేను విశాఖపట్నంలో వెబ్‌సైట్లు పరీక్షించే పని చేస్తాను. సైటు కట్టను, డిజైన్ చేయను. కట్టేసిన సైటు ముందు మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి, వాళ్ళు ఎక్కడ ఆగిపోతున్నారో, ఎక్కడ విసుక్కుంటున్నారో చూసి రాసిస్తాను. పిలిచేది ఎప్పుడూ సైటు సొంతదారులే. ఈ కేసులో మాత్రం పిలిచింది కంపెనీ కాదు, దాని షేర్లు కొన్న ఒక పెద్దాయన. కంపెనీకి నేనెవరో తెలీదు, నా రిపోర్టు వాళ్ళు అడగలేదు. అలాంటి పని ఎలా నడుస్తుందో, ఎక్కడ తన్నుతుందో నా వృత్తిలో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పను. అమెరికా మార్కెట్‌లో లిస్టయింది, శాటిలైట్ ఫోన్లూ వాటి మీద మాట్లాడే నిమిషాలూ అమ్ముతుంది, అంతవరకు చాలు.

ఉత్తరం

2023 ఏప్రిల్ నెలాఖర్లో ఆయన ఎంవీపీ కాలనీ నుంచి ఆటోలో మా ఆఫీసుకొచ్చారు. వ్యాపార నౌకల్లో రేడియో ఆఫీసర్‌గా చేసిన మనిషి. మా వైపు అలవాటు ప్రకారం మొదటి రోజు నుంచే నేను మాస్టారు అన్నాను, ఇక్కడా అలాగే రాస్తాను. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో నాలుగు పేజీల ఉత్తరం. మొత్తం పెద్దక్షరాల ఇంగ్లిష్, ఒక్కో పాయింటుకి ఒక నంబరు, అలా 23 పాయింట్లు.

"ఇన్వెస్టర్ రిలేషన్స్‌కి రెండుసార్లు పంపానమ్మా. రెండుసార్లూ ఒకటే జవాబు. కామా కూడా మారలేదు" అన్నారు.

చదివాను. హోమ్ పేజీ నిండా మంచు కొండలే, సముద్రం ఏది? షేరు ధర మొదటి పేజీలో ఎందుకు లేదు? ఫోన్ ఖరీదు ఎక్కడా రాయకుండా సేల్స్‌ను సంప్రదించమంటే కొనేవాడు ఎవడు? టోల్‌ఫ్రీ నంబరు ఇండియా నుంచి కలవదు. మెయింటెనెన్స్ నోటీసులు కంపెనీ సొంతూరి టైములో ఇస్తున్నారు, పక్కన జీఎంటీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) లేదు. 14వ పాయింటు, చైర్మన్ ఫొటోలో నవ్వు నమ్మకం కలిగించేలా లేదు. (ఇది నేను కల్పించింది కాదు.) 19వ పాయింటు దగ్గర ఆగాను. అందులో ఒక్క వాక్యమే ఉంది: మీ మెసేజ్ పేజీ నా కోడల్ని ఏడిపించింది.

మిగతా 22 పక్కన పెట్టి దాని గురించి అడిగాను. ఆయన దానికంటే షేరు ధర గురించే ఎక్కువ మాట్లాడారు.

ఆ షేర్ల వెనక కథ చెప్పకపోతే ఆయన కోపం అర్థం కాదు. ఓడల మీద చుక్కలు, గీతల మోర్స్ కోడ్ కొట్టే ఉద్యోగాన్ని ముగించింది శాటిలైటే. ఓడలు ఆపదలో కబురు పంపే కొత్త ప్రపంచ వ్యవస్థ 1999 ఫిబ్రవరి 1 నాటికి పూర్తిగా అమల్లోకి వచ్చింది, దాంతో రేడియో ఆఫీసర్ అనే కుర్చీయే ఓడల్లోంచి మెల్లగా మాయమైంది. "నా పొట్ట కొట్టినదాంట్లోనే వాటా కొన్నాను" అని నవ్వుతారు. కొనడానికి కారణం హుద్‌హుద్. 2014 అక్టోబర్ 12న తుపాను విశాఖ మీదే తీరం దాటింది. కరెంటు పోయింది, సెల్ టవర్లు పడుకున్నాయి. ఆయన కొడుకు అప్పుడు ఓడ మీద ఉన్నాడు. టీవీలో ఎయిర్‌పోర్టు పైకప్పు ఎగిరిపోయిన దృశ్యం చూశాడట. ఇంట్లో వాళ్ళు బతికున్నారో లేదో నాలుగు రోజుల పాటు తెలీలేదు. ఆ మరుసటి ఏడాది మాస్టారు విదేశాలకు డబ్బు పంపే ఎల్ఆర్ఎస్ పద్ధతిలో ఈ షేర్లు కొన్నారు. లాభం కోసమే కాదని నాకనిపించింది, ఆయన మాత్రం లాభం కోసమే అంటారు.

24 ప్రశ్న గుర్తులు

కొడుకు ఇప్పుడు పశ్చిమాఫ్రికా తీరంలో సర్వే నౌక మీద పనిచేస్తున్నాడు. ఓడలో ఇంటర్నెట్ ఉంటుంది, అప్పుడప్పుడు చెడుతుంది. చెడినప్పుడు మిగిలేది బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీద ఉండే శాటిలైట్ చేతిఫోను ఒక్కటే. దానికి ఇంటి నుంచి ఫోన్ చేస్తే నిమిషానికి బిల్లు వాచిపోతుంది. కానీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఒక పేజీ ఉంది. ఫోన్ నంబరు కొట్టి, 160 అక్షరాల లోపు ఏదైనా రాస్తే ఆ ఫోనుకి ఉచితంగా వెళ్తుంది. ఈ తరహా సౌకర్యం ఇతర శాటిలైట్ ఫోన్ కంపెనీలూ ఇస్తాయి. ఓడల మీద మనుషులున్న కుటుంబాలకి ఇంతకంటే విలువైన పేజీ ఆ సైటులో మరొకటి లేదు.

ఫిబ్రవరిలో మాస్టారికి జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. సరిగ్గా ఆ వారమే ఓడలో నెట్ పోయింది. కోడలు ఇంగ్లిష్‌లో మెసేజ్ పెట్టింది: జ్వరం, ఆసుపత్రిలో ఉన్నారు, రేపు చెప్తాను. అది చేరింది. మర్నాడు జ్వరం తగ్గింది. ఆ సంతోషంలో ఆవిడ ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో రాసింది: "నాన్నగారికి జ్వరం తగ్గింది". పంపగానే పేజీ మీద ఆకుపచ్చ టిక్ వచ్చింది. మెసేజ్ వెళ్ళిందని రాసింది. ఆవిడ నిశ్చింతగా నిద్రపోయింది.

రాత్రి రెండున్నరకి ఇంట్లో ఫోన్ మోగింది. అటు కొడుకు. గొంతు పెగలడం లేదు. నిన్న ఆసుపత్రి అన్న మెసేజ్, ఇవాళ వరసగా ప్రశ్న గుర్తులు. ఏదో రాయలేక రాశారనుకున్నాడు. కెప్టెన్ని బతిమాలి బ్రిడ్జి నుంచి చేశాడు. ఇటు వీళ్ళు, అర్ధరాత్రి ఓడ నుంచి ఫోన్ ఏమిటని హడలిపోయారు. ఇదీ 19వ పాయింటు వెనకున్న కథ.

కొడుకు ఆ తెర ఫొటో తీసి ఉంచుకున్నాడు. నేను అడిగితే పంపాడు. పెద్దది చేసి ప్రశ్న గుర్తులు లెక్కపెట్టాను. మొదటి గుంపులో 11, రెండోదాంట్లో 5, మూడోదాంట్లో 8. మొత్తం 24. ఇది చూడగానే నాకు సగం విషయం తెలిసిపోయింది. "నాన్నగారికి జ్వరం తగ్గింది" అన్నది మన కంటికి పది అక్షరాలు. కంప్యూటరు లోపల అలా కాదు. "న్న" అంటే న, పొల్లు, మళ్ళీ న, మూడు. "గ్గిం" అంటే గ, పొల్లు, గ, గుడి, సున్న, అయిదు. అలా విడదీస్తే మొదటి మాట 11, రెండోది 5, మూడోది 8. అంటే దారిలో ఎక్కడా మెసేజ్ చిరిగిపోలేదు, సగం పోలేదు. పంపే ముందు సర్వరు ప్రతి గుర్తునూ ఇంగ్లిష్ అక్షరంగా మార్చబోయి, మారని ప్రతిదానికీ ఒక ప్రశ్న గుర్తు పెట్టి, వెళ్ళిందని మనకు ఆకుపచ్చ టిక్ చూపించింది. తప్పు ఉపగ్రహానిది కాదు, ఫోనుది కాదు. ఆ పేజీది.

అక్షరాల లెక్క కూడా చెప్పాలి. మామూలు ఎస్ఎంఎస్‌లో ఇంగ్లిష్ అయితే 160 పడతాయి. తెలుగు లాంటి లిపులు పంపాలంటే అన్ని లిపులకీ చోటున్న యూనికోడ్ పద్ధతిలో వెళ్ళాలి, అప్పుడు పట్టేది 70. మన పది అక్షరాల వాక్యమే ఖాళీలతో కలిపి 26 తినేస్తుంది. పైగా ఆ చేతిఫోన్లో తెలుగు ఫాంటే లేదు. కాబట్టి తెలుగులో మెసేజ్ వచ్చేలా చేయండని అడగడంలో అర్థం లేదు. అడగాల్సింది వేరే. పంపలేనప్పుడు పంపలేనని చెప్పమనడం.

దీన్ని ఒక్క మనిషి అనుభవంగా వదిలేయకూడదని, కోడలి పరిచయస్తుల్లో భర్తలు ఓడల మీద ఉన్న మరో నలుగురిని మాస్టారి ఇంటి హాల్లో కూర్చోబెట్టాను. కాఫీ, జంతికలు. పని ఒకటే: ఈ కంపెనీ సైటు తెరిచి, మీ ఆయన ఫోనుకి ఒక మెసేజ్ పంపండి. నేను నోరు మెదపను.

నలుగురిలో ఒక్కరూ హోమ్ పేజీ నుంచి ఆ పేజీకి చేరలేదు. అది సపోర్ట్ కింద, దాని లోపల రిసోర్సెస్ కింద, యూజర్ మాన్యువళ్ళ తర్వాత ఉంది. కోడలికి దొరకడానికి కారణం ఆవిడ భర్త ఎప్పుడో లింకు వాట్సాప్‌లో పంపి ఉండటం. ఇద్దరు "కాంటాక్ట్ అస్" నొక్కారు. మెసేజ్ పంపడమంటే అదే అనుకోవడం సహజమే కదా. వాళ్ళలో ఒకావిడ నేను ఆపేలోపే పంపేసింది కూడా: పాప ఫీజు కట్టేశాను, మీరు వేళకి తినండి. అది నేరుగా కంపెనీ సేల్స్ వాళ్ళకి వెళ్ళింది. రెండు రోజుల తర్వాత ఆవిడకి కొత్త మోడల్ ఫోన్ బ్రోషరు వచ్చింది.

రంగేసిన మ్యాప్

మాస్టారి 3వ పాయింటు సముద్రం ఏది అన్నది. అది చూసి నాకు ఫిషింగ్ హార్బర్ గుర్తొచ్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి, రంగులు వేస్తుంటారు, వలలు బాగుచేస్తుంటారు. మిగతా రోజుల్లో దొరకని బోటు ఓనర్లు ఆ రెండు నెలలు తీరిగ్గా దొరుకుతారు. మాస్టారికి తెలిసిన ఒకాయన దగ్గరికి వెళ్ళాం. డాల్ఫిన్స్ నోస్ ఎదురుగా, తిరగేసిన పెట్టె మీద నా ట్యాబ్ పెట్టి కవరేజీ మ్యాప్ చూపించాను.

ప్రపంచ పటం మొత్తానికి నీలం రంగు. ఆయన వేలు బంగాళాఖాతం మీద ఆనించి, "మనకాడ కూడా రంగేసేసేరు మేడమ్. అయితే ఇది కొనుక్కుని బోటులో ఎట్టుకోవచ్చన్నమాటేనా?" అన్నాడు. ఒక నిమిషం ఆగి తనే, "కోస్ట్‌గార్డోళ్ళు ఊరుకోరు గదా" అన్నాడు.

ఆయన చెప్పిందే నిజం. మన దేశంలో శాటిలైట్ ఫోన్ కొనుక్కుని జేబులో పెట్టుకుని తిరగడానికి లేదు. ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహాల మీద బీఎస్ఎన్ఎల్ ఇచ్చే సేవ ఉంది, దానికీ పద్ధతులున్నాయి. తురాయా, ఇరిడియం లాంటి వేరే కంపెనీల ఫోన్లు టెలికం శాఖ అనుమతి లేకుండా వాడకూడదు. 2008 ముంబై దాడుల్లో టెర్రరిస్టులు శాటిలైట్ ఫోన్ వాడిన తర్వాత ఈ విషయంలో పట్టు బిగిసింది. విషయం తెలియక ఇలాంటి పరికరంతో దిగిన విదేశీ యాత్రికుల్ని మన ఎయిర్‌పోర్టుల్లో ఆపి కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. ఆ పరికరం కొన్నప్పుడు వాళ్ళూ ఏదో ఒక కంపెనీ మ్యాప్ చూసే ఉంటారు, అందులో ఇండియాకీ రంగు వేసే ఉంటుంది.

మ్యాప్ అబద్ధం చెప్పలేదు. ఉపగ్రహం ఇండియా మీద నుంచి పోతుంది, సిగ్నల్ అందుతుంది. కానీ ఇంజనీరు దృష్టిలో ఆ నీలం రంగుకి అర్థం సిగ్నల్ అందుతుందని, కొనేవాడి దృష్టిలో వాడుకోవచ్చని. ఆ రెండిటి మధ్య తేడా చెప్పే వాక్యం ఆ పేజీలో ఒక్కటీ లేదు. సైటంతా వెతికితే నిబంధనల పీడీఎఫ్ చివర్లో, స్థానిక చట్టాలు పాటించే బాధ్యత వినియోగదారుడిదే అని ఉంది. ఈ పాయింటు మాస్టారి 23లో లేదు. బోటు ఓనరు ఇచ్చింది.

ఆయన బోటులో ఏముందో కూడా అడిగాను. వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు, ఆపదలో పిలిచే చానెల్ 16. ఒడ్డుకి దూరం పోయాక దాంతో పక్క బోట్లతో మాటలే తప్ప ఇంటితో మాట ఉండదు. సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ 2019లో తెచ్చిన జెమిని పరికరం గురించి విన్నాడు. దాంట్లో తుపాను హెచ్చరిక, చేపలుండే చోటు బోటుకి అందుతాయి, బోటు నుంచి తిరిగి కబురు పోదు. "మాకు రావడం కాదు మేడమ్, పోవడం కావాల" అన్నాడు. మా కేసుకి సంబంధం లేని మాటే, కానీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

పేజీ బరువు

ఇది త్వరగా చెప్తాను, ఎందుకంటే ఇందులో మేం ఓడిపోయాం. హోమ్ పేజీ తెరిస్తే మంచు కొండల వీడియోతో కలిపి దాదాపు 6 మెగాబైట్లు దిగుతుంది. విశాఖలో ఫైబర్ కనెక్షన్ మీద రెప్పపాటు. కానీ ఈ కంపెనీ కస్టమరు తన నిమిషాలు రీచార్జి చేసుకోవడానికి ఈ సైటుకే రావాలి, నడిసముద్రంలో ఉంటే ఆ ఫోను డేటా మీదే రావాలి. కొన్ని శాటిలైట్ చేతిఫోన్లలో డేటా వేగం సెకనుకి 2.4 కిలోబిట్ల దగ్గరే. 6 మెగాబైట్లంటే 48,000 కిలోబిట్లు. భాగిస్తే 20,000 సెకన్లు. అయిదున్నర గంటలు.

ఆఫీసులో బ్రౌజరు వేగం ఆ స్థాయికి తగ్గించి మాస్టారి ముందే తెరిచాను. భోజనం చేసి వచ్చాం. తెల్లటి తెర, పైన లోగో సగం. ఆయన ఆ పేజీలో ఎన్ని మాటలున్నాయని అడిగారు. లెక్కపెడితే 400 లోపే. "నిమిషానికి 20 మాటల చొప్పున మోర్స్ కొడితే 20 నిమిషాల్లో మొత్తం పేజీ చదివి వినిపించేవాణ్ణి" అన్నారు. ఆ వాక్యం రిపోర్టులో పెట్టమని పట్టుబట్టారు. పెట్టాను.

నా తప్పు

జూన్ మొదటి వారానికి నా రిపోర్టు 31 పేజీలైంది. మెసేజ్ పేజీ, మ్యాప్, బరువు, ధరలు, టోల్‌ఫ్రీ నంబరు, జీఎంటీ, మాస్టారి పాయింట్లలో నేను ఉంచినవి, స్క్రీన్‌షాట్లు, బాణం గుర్తులు. చూడటానికి బాగుంది. డబ్బులిచ్చే క్లయింటుకైతే సరిపోయేది. దాన్ని ఇన్వెస్టర్ రిలేషన్స్ ఈమెయిలుకి పంపాం, వాటాదారు నుంచి అని పైన రాసి. ఎనిమిది రోజులకి జవాబొచ్చింది. మాస్టారు ఫోల్డరు తీసి పక్కన పెట్టి చూపించారు. అదే జవాబు, అదే కామా.

అప్పుడు కూర్చుని ఆలోచించాను, ముందే చేయాల్సిన పని. ఆ ఈమెయిలు చదివేది ఎవరు? షేరు హోల్డర్లతో మాట్లాడే ఉద్యోగి. అమెరికాలో 2000 నుంచి ఒక నియమం ఉంది: కంపెనీ గురించి ముఖ్యమైన సంగతి ఏ ఒక్క ఇన్వెస్టరుకో చాటుగా చెప్పకూడదు, చెబితే అందరికీ చెప్పాలి. కాబట్టి ఆ ఉద్యోగి ఎవరికైనా ముందే ఆమోదించిన రెండు వాక్యాలే రాస్తాడు. అతనికి మెసేజ్ పేజీ తాళాలు లేవు, ఎవరి దగ్గరున్నాయో కూడా తెలిసుండదు. మనం 31 పేజీలు పంపామంటే, రైల్వే స్టేషన్లో టికెట్ కౌంటరు దగ్గర నిలబడి బోగీలో ఫ్యాను తిరగడం లేదని చెప్పినట్టే.

మాస్టారు ఇక్కడి రూల్సు గుర్తుచేశారు. మన దగ్గర లిస్టయిన కంపెనీ అయితే షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2015 నిబంధనల్లో 46వది ప్రకారం వెబ్‌సైట్‌లో వాటాదారుల ఫిర్యాదులకి ఈమెయిలు, బాధ్యుల వివరాలు పెట్టి తీరాలి. జవాబు రాకపోతే సెబీ ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్ ఉంది. "అందులో వేద్దామా?" అన్నారు. ఆ కంపెనీ ఇక్కడ లిస్టు కాలేదు, వేసినా లాభం లేదని చెప్పాల్సి వచ్చింది. వార్షిక సమావేశంలో ఆన్‌లైన్‌లో ప్రశ్న వేద్దామని చూశాం. దానికి కావలసిన కంట్రోల్ నంబరు (వాటాదారుని గుర్తించే నంబరు) కోసం బ్రోకరు కంపెనీకి మెయిళ్ళు రాస్తుండగానే సమావేశం అయిపోయింది.

షేరు ధర గురించిన పాయింట్లు తీసేద్దామన్నప్పుడు మా ఇద్దరికీ గట్టిగానే మాటలయ్యాయి. ఆయన వాదన తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. ఈ రంగంలో వాటాదారులు కాలినవాళ్ళు. ఇరిడియం దాదాపు 500 కోట్ల డాలర్లు పోసి 1998 నవంబర్‌లో సర్వీసు మొదలుపెట్టి, 1999 ఆగస్టుకల్లా దివాలా తీసింది. ఆ తర్వాత దాని ఆస్తులు రెండున్నర కోట్ల డాలర్లకి పోయాయి. గ్లోబల్‌స్టార్ అనే ఇంకో శాటిలైట్ ఫోన్ కంపెనీ 2002లో దివాలా పిటిషన్ వేసింది. ఆకాశంలో ఉపగ్రహాలు భేషుగ్గా తిరుగుతూనే ఉన్నాయి, కింద కంపెనీలు మునిగాయి. "సైటులో అన్నీ దాస్తున్నారంటే లోపల ఏదో ఉందనేగా వాటాదారుడు అనుకునేది?" అన్నారు.

దాచడం గురించి ఆయన అన్నదానికి నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది, అదీ గ్లోబల్‌స్టార్‌దే. 2007 ప్రాంతంలో వాళ్ళ పాత ఉపగ్రహాల్లో యాంప్లిఫయర్లు పాడై ఫోన్ కాల్స్ కలవడం కష్టమైంది. అప్పుడు వాళ్ళు వెబ్‌సైట్‌లో ఒక పేజీ పెట్టారు. మీరున్న చోటు చెబితే, పనిచేసే ఉపగ్రహం మీ నెత్తి మీదికి ఏ సమయానికి వస్తుందో, ఎంతసేపు ఉంటుందో చెప్పేది. లోపాన్ని టైమ్‌టేబుల్‌గా మార్చి ఇచ్చేశారన్నమాట. మాస్టారికి ఇది బాగా నచ్చింది. ఓడల మీద ఆయన పని కూడా అదే కదా, ఏ స్టేషను ఏ గంటకి వినిపిస్తుందో పుస్తకంలో చూసుకుని అప్పుడు మోర్స్ కీ నొక్కడం. ఆ తర్వాత షేరు ధర పాయింట్లు కొట్టేయడానికి ఒప్పుకున్నారు. చైర్మన్ నవ్వు మాత్రం చివరిదాకా వదల్లేదు. నేనే కొట్టేశాను.

ముక్కలు

31 పేజీలు పక్కన పడేసి నాలుగు విడి ఉత్తరాలు రాశాం. ఒక్కోటి ఒక పేజీ లోపు, ఒక్కో దాంట్లో ఒకే సంగతి, ఒక్కోటి ఒక్కో చోటికి. ఎక్కడా వాటాదారు అన్న మాట లేదు. ఇది ఆయనకి కష్టమైంది. సొంత ఇంటికి అద్దెకొచ్చినవాడిలా రాయమంటున్నావు అన్నారు.

మొదటిది కోడలి పేరు మీద, టెక్నికల్ సపోర్ట్ టికెట్‌గా. ప్రశ్న గుర్తుల ఫొటో, పక్కన తెలుగు వాక్యం, 11, 5, 8 లెక్క, కింద ఒకటే కోరిక: ఇంగ్లిష్ కాని అక్షరం పెట్టెలో పడితే పంపొద్దు, పంపినట్టు చూపించొద్దు. రాత్రి రెండున్నర ఫోను గురించి ఒక్క వాక్యం. రెండోది మ్యాప్ గురించి, కంపెనీ లీగల్ విభాగం చిరునామాకి. అందులో కస్టమర్ల ఇబ్బంది గురించి కాకుండా, మీ పటం చూసి కొన్న పరికరంతో మనిషి ఎయిర్‌పోర్టులో దొరికితే మీకు వచ్చే చిక్కు గురించి రాశాను. మూడోది పేజీ బరువు, వెబ్ టీముకి. నాలుగోది జీఎంటీ, నెట్‌వర్క్ నోటీసులు పంపే విభాగానికి. దాన్ని మాస్టారే రాశారు, నేను ముట్టుకోలేదు.

మొదటి టికెట్‌కి మూడో రోజే మనిషి రాసిన జవాబొచ్చింది. ఆ ఫోను ఏ మోడలని అడిగారు, ఇంకో భాషలో పరీక్షించి చూశామని, అరబిక్‌లో కూడా ఇదే జరుగుతోందని రాశారు. అంటే ఈ ప్రశ్న గుర్తులు మా ఇంటికే కాదు, ఎన్ని ఊళ్ళకి వెళ్ళాయో. ఆగస్టులో పేజీ మారింది. పెట్టె పైన ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం: ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు మాత్రమే చేరతాయి. తెలుగు కొడితే బటన్ నొక్కుడుపడదు. కోడలు ఇప్పుడు తెలుగునే ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తోంది. పేజీని సపోర్ట్ లోపలి నుంచి పైకి మాత్రం తేలేదు. ఆ నలుగురికీ లింకు నేనే వాట్సాప్‌లో పెట్టాను.

లీగల్ ఉత్తరానికి జవాబే లేదు. కానీ అక్టోబరులో ఏదో పని మీద చూస్తే మ్యాప్ కింద చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంది: కొన్ని దేశాల్లో ఈ పరికరం తీసుకెళ్ళడానికి ముందస్తు అనుమతి కావాలి. ఏ దేశాలో లేదు. ఇండియా మీద రంగు అలాగే ఉంది. ఆ లైను మా వల్లే వచ్చిందో, ఇంకెవరైనా ఎక్కడైనా ఇరుక్కున్నారో చెప్పలేను. హార్బర్‌లో బోటు ఓనరుకి చూపిస్తే కళ్ళజోడు లేకుండా కనబడలేదన్నాడు.

పేజీ బరువు సంగతి అక్కడే ఉంది. వీడియో ఇంకా ఆడుతోంది, కొండల మీద ఇంకొంచెం మంచు పడింది. వెబ్ టీము ఒకసారి జవాబిచ్చింది, సైటు వేగం బాగానే ఉందని తమ పరీక్షలో తేలిందట. ఆ పరీక్ష ఏ కనెక్షన్ మీద చేశారని తిరిగి రాశాను, సమాధానం రాలేదు. ధరలు, టోల్‌ఫ్రీ నంబరు మేం ఎత్తనే లేదు. అన్నీ ఒకేసారి ఎత్తితే మళ్ళీ 31 పేజీలవుతుందని భయం.

ఫీజు మాట్లాడుకోలేదు. నిషేధం ఎత్తేశాక మాస్టారు బోటు ఓనరు చేత రెండు కేజీల వంజరం పంపించారు.

నాలుగో టికెట్ మిగిలింది. నోటీసుల్లో స్థానిక సమయం పక్కన జీఎంటీ కూడా వేయండి అన్న నాలుగు లైన్ల ఉత్తరం. మొన్న మాస్టారికి ఫోన్ చేసి ఏమైందని అడిగాను. ఇంకా ఓపెన్‌లోనే ఉందన్నారు, కనీసం నంబరిచ్చారని సంతోషించారు. టికెట్ మీద వేసిన టైము చదివి వినిపించారు. అది కంపెనీ సొంతూరి టైము.